బురుజు నుంచి గూడు దాకా: ఆర్కిటెక్చర్ విద్యార్థి కంప్యూటర్‌లో ఏం కడతాడు?



షాదీఖానాకో, హాస్టల్‌కో, వుజూఖానాకో చందా అడగడానికి వచ్చినవారు మన ముందు ఒక ప్లాన్ కాగితం పరుస్తారు. దాని నిండా గీతలు, అంకెలు, బాణం గుర్తులు ఉంటాయి. అది చదవడం వచ్చినవారు పదిమందిలో ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లం తల ఊపి, దుఆ చేసి, రసీదు తీసుకుంటాం. స్లాబు పడి, గోడలకు సున్నం వేశాక అసలు విషయం తెలుస్తుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పైకి ఎక్కలేరు. పడమటి కిటికీ నుంచి ఎండాకాలమంతా ఎండ లోపలికి కొడుతుంది. దాన్ని సరిచేయాలంటే పగలగొట్టాలి, పగలగొట్టాలంటే మళ్లీ చందా వసూలు చేయాలి.

కట్టకముందే కట్టడాన్ని కళ్లకు చూపించే విద్య ఒకటుంది. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు దాన్ని కంప్యూటర్ మీద నేర్చుకుంటారు. అందులో రెండు రకాల అభ్యాసాలు ఉంటాయి. మొదటిది, ఇప్పటికే నిలబడి ఉన్న పేరున్న కట్టడాన్ని కొలిచి, ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లో మళ్లీ కట్టడం. రెండోది, లోకంలో లేని ఒక జీవిని ఊహించి దానికి ఇల్లు కట్టడం. చార్మినార్ బొమ్మ చేస్తే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. రెండు తలల పక్షికి గూడు చేస్తే మాత్రం “ఇందుకేనా ఫీజు కట్టింది?” అంటారు. ఈ రెండు అభ్యాసాల్లో ఏముందో, పిల్లల చదువుకు సాయం చేసే దాతకు అవి ఎందుకు తెలియాలో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

నమూనా వేరు, బొమ్మ వేరు

కాగితం మీద గీసిన బొమ్మను ఒక్క వైపు నుంచే చూడగలం. కంప్యూటర్‌లో కట్టిన నమూనాను చుట్టూ తిరిగి చూడొచ్చు, పైకప్పు తీసి లోపలికి తొంగి చూడొచ్చు, గోడను నిలువునా కోసి దాని మందం చూడొచ్చు. ఇది సాధ్యం కావడానికి కారణం సులువైనదే. నమూనాలోని ప్రతి బిందువుకూ మూడు అంకెల చిరునామా ఉంటుంది: పొడవు వైపు ఎంత దూరం, వెడల్పు వైపు ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు. బిందువులను కలిపితే గీత, గీతలను కలిపితే తలం, తలాలను కలిపితే గోడ. మేస్త్రీ దారం కట్టి, తూకం గుండు వేలాడదీసి, నీళ్ల గొట్టంతో మట్టం చూసి చేసే పనినే ఇక్కడ అంకెలు చేస్తాయి.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లలో స్కెచప్, బ్లెండర్, ఆటోక్యాడ్, రెవిట్ ముఖ్యమైనవి. స్కెచప్ సులువు, మొదటి సంవత్సరం పిల్లలు దానితోనే మొదలుపెడతారు. రెవిట్‌లో గోడ ఒక ఉత్త ఆకారం కాదు. అది ఇటుకదా, కాంక్రీటుదా, మందం ఎంత, మొత్తం ఎన్ని చదరపు మీటర్లు అన్న వివరాలు కూడా గోడతోపాటే నమోదవుతాయి. అందుకే కిటికీ ఒకటి పెంచితే గోడ లెక్క దానంతటదే తగ్గుతుంది. బ్లెండర్ గురించి చివర్లో విడిగా చెప్పుకుందాం, ఎందుకంటే అది దాతల డబ్బుతో బతికిన సాఫ్ట్‌వేర్.

మొదటి పాఠం: మన దగ్గరి బురుజు

కొలవడం నేర్చుకోవడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. సిద్దిపేట జిల్లా ధూళిమిట్ట మండలంలోనే బైరాన్‌పల్లి బురుజు ఉంది. కట్టడంగా చూస్తే విద్యార్థికి అంతకంటే మంచి మొదటి పాఠం దొరకదు. గుండ్రటి బురుజంటే గణితం భాషలో ఒక స్తంభాకారం. కింద కాస్త వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడితే, మొన కోసేసిన శంకువు.

టేపుతో లోపలి నుంచి వ్యాసం కొలవడం కుదరదు, మధ్యలో బురుజే ఉంది కదా. కాబట్టి చుట్టూ దారం చుట్టి చుట్టుకొలత తీసుకుంటారు. ఉదాహరణకు చుట్టుకొలత 44 మీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 22/7తో భాగిస్తే వ్యాసం 14 మీటర్లు. ఏడో తరగతి పిల్లలకు తెలిసిన లెక్కే.

ఎత్తు దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. నీడతో కొలవడం పాత పద్ధతి. ఒక మీటరు కర్రను నిటారుగా పాతి దాని నీడ కొలవాలి, అదే సమయంలో బురుజు నీడ కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, బురుజు నీడ 8 మీటర్లు ఉంటే ఎత్తు 10 మీటర్లు. కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నీడ పొడవు తప్పు చెబుతుంది. పైకి సన్నబడే బురుజుకైతే పై అంచుకు సరిగ్గా కింద ఉండే చోటు గోడ లోపలికి పోతుంది, ఆ తేడాను నీడకు కలపాలి.

అందుకే కోణాల పద్ధతి మేలు. బురుజుకు ఎదురుగా, ఒకే మట్టంలో, ఒకే వరుసలో రెండు చోట్ల నిలబడి పై అంచును చూసే కోణం తీసుకోవాలి. దగ్గరి చోట 45 డిగ్రీలు, మరో 10 మీటర్లు వెనక్కి వచ్చాక 30 డిగ్రీలు వచ్చాయనుకుందాం. త్రికోణమితి ప్రకారం కంటి మట్టం నుంచి ఎత్తు 13.66 మీటర్లు. కన్ను నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉందనుకుంటే మొత్తం సుమారు 15.2 మీటర్లు. బురుజు మొదలు దాకా పోకుండానే, నీడ అవసరం లేకుండానే ఎత్తు తెలిసిపోయింది. 11వ శతాబ్దపు పండితుడు అల్‌బీరూనీ పంజాబ్‌లోని నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తును ఇలాగే రెండు చోట్ల నుంచి కోణాలు చూసి లెక్కగట్టాడు. ఆ ఎత్తు ఆధారంగా భూమి వ్యాసార్థాన్నే అంచనా వేశాడు. ఇప్పుడు మన పిల్లల చేతిలోని ఫోన్ కోణం చూపిస్తుంది, లెక్క మాత్రం అల్‌బీరూనీ చేసినదే.

కొలతలు అయ్యాక ఫొటోల పని. కట్టడం చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కనిపించిన భాగం తర్వాతి ఫొటోలోనూ సగానికి మించి కనిపించేలా పదుల కొద్దీ, వందల కొద్దీ ఫొటోలు తీస్తారు. ఒకే రాయి వేర్వేరు ఫొటోల్లో ఎక్కడెక్కడ ఉందో కంప్యూటర్ పోల్చి చూసి, ఆ రాయి అసలు స్థానాన్ని లెక్కగడుతుంది. ఇలా లక్షల బిందువులు చేరి కట్టడం ఆకారం వస్తుంది. దీన్ని ఫొటోగ్రామెట్రీ అంటారు. మెష్‌రూమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయొచ్చు. అయితే ఫొటోలకు ఆకారమే తెలుస్తుంది, కొలత తెలియదు. టేపుతో కొలిచిన ఒక్క దూరమైనా ఇస్తేనే నమూనాకు నిజమైన కొలత వస్తుంది. అందుకే దారం, టేపు పని వృథా కాదు.

బైరాన్‌పల్లి బురుజు రాళ్ల పోగు మాత్రమే కాదు. 1948లో గ్రామస్తులు దాని మీద కాపలా ఉండి రజాకార్లను ఎదిరించారు. ఆ ఏడాది ఆగస్టు 27న జరిగిన దాడిలో ఎందరో గ్రామస్తులు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా అదే వారంలో, ఆగస్టు 22న, రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్‌లో హత్యకు గురయ్యాడు. అన్యాయానికి బలైనవారిలోనూ, దాన్ని ఎదిరించినవారిలోనూ అన్ని మతాలవారూ ఉన్నారు. ఈ బురుజు నమూనా చేసే విద్యార్థి, ఏ మతానికి చెందినవాడైనా, రాళ్లతోపాటు ఆ జ్ఞాపకాన్ని కూడా కొలత తప్పకుండా పట్టుకోవాలి. ఊరి పెద్దలతో కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ వైపు గోడ దెబ్బతిన్నదో, తర్వాత ఏ భాగానికి మరమ్మతు జరిగిందో అడిగి రాసుకోవాలి. కొత్తగా కట్టిన భాగాన్ని వేరే రంగులో చూపించాలి. ఉన్నదానికి కలపకూడదు, జరిగినదాన్ని తగ్గించకూడదు. చరిత్ర కట్టడాల నమూనాకు ఇదే మొదటి నియమం.

రెండో పాఠం: చార్మినార్

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌ను కంప్యూటర్‌లో కట్టమంటే కొత్త విద్యార్థి భయపడతాడు. గురువు చెప్పే మొదటి కిటుకు ఇది: నాలుగో వంతు కడితే చాలు. కట్టడం చతురస్రం, ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు. నాలుగు దిక్కులకూ నాలుగు కమానులు, ఒక్కొక్కటి సుమారు 11 మీటర్ల వెడల్పు. ఒక ముఖం, ఒక మినార్ సరిగ్గా చేసి, మధ్యబిందువు చుట్టూ 90 డిగ్రీల చొప్పున తిప్పి నకలు తీస్తే నాలుగు వైపులూ వచ్చేస్తాయి. కమాను సగం గీసి అద్దంలో చూపినట్టు రెండో సగం తెచ్చుకోవచ్చు. మినార్ లోపలి మెట్లకైతే ఒక్క మెట్టు చేసి, కొంచెం పైకి జరుపుతూ కొంచెం తిప్పుతూ నకళ్లు తీయమని కంప్యూటర్‌కు చెబితే చాలు. ఆనాటి ఉస్తాద్‌లు పరికరాలతో, దారంతో సాధించిన సమతూకం ఎంత గొప్పదో పిల్లవాడికి అప్పుడు అర్థమవుతుంది.

వెంటనే రెండో కిటుకు కూడా చెప్పాలి: నకలును నమ్మొద్దు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది, మిగిలిన మూడు వైపులా లేదు. అన్ని వైపులూ ఒకటే అనుకుని తిప్పేస్తే మసీదే పోతుంది, లేదా నాలుగు మసీదులు వస్తాయి. అచ్చయిన అంకెలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. చార్మినార్ ఎత్తు ఒక పుస్తకంలో 160 అడుగులని, అంటే దాదాపు 49 మీటర్లని, మరొక దాంట్లో 56 మీటర్లని ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలిచారో రాయని అంకెకు విలువ తక్కువ. బురుజు దగ్గర నేర్చిన కోణాల లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఇలాంటి రక్షిత కట్టడాల దగ్గర ట్రైపాడ్, డ్రోన్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్నది కూడా పాఠంలో భాగమే.

ఇదంతా దేనికి? 2019 మే నెలలో చార్మినార్ మినార్ ఒకదాని నుంచి గచ్చు పని పెచ్చు ఊడి కింద పడింది. పడిన భాగాన్ని మళ్లీ చేయాలంటే అంతకుముందు అది ఎలా ఉండేదో తెలియాలి. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి సంగతి చూడండి. కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ 2010లో దాన్ని లేజర్ యంత్రంతో వంద కోట్లకు పైగా బిందువులుగా నమోదు చేశాడు. ఆయన 2018లో మరణించాడు. 2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పు కాలిపోయింది. దాన్ని తిరిగి కట్టి 2024 డిసెంబరులో తెరిచారు. ఆ పునర్నిర్మాణంలో ఆయన వదిలివెళ్లిన కొలతలు అక్కరకు వచ్చాయి. సిరియా యువకుడు బాసిల్ ఖర్తబీల్ కథ మరింత బరువైనది. పాల్మైరా శిథిల నగరాన్ని 2005 నుంచే కంప్యూటర్ నమూనాగా కట్టడం మొదలుపెట్టాడు. 2012లో జైలు పాలయ్యాడు. 2015లో ఆ ప్రాచీన కట్టడాలను సాయుధ ముఠాలు పేల్చివేశాయి. అదే ఏడాది ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. కట్టిన మనిషీ లేడు, కట్టడమూ లేదు, ఆయన చేసిన నమూనా మాత్రం లోకానికి మిగిలింది.

మన దగ్గర గోల్కొండ పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో మొదలుపెట్టిన పరిరక్షణ పని 2024లో పూర్తయింది. అక్కడ సిమెంటు పూతలు తీసి, పాత పద్ధతి సున్నంతో మళ్లీ పని చేశారు. ఏది పాతది, ఏది తర్వాత అతికించినది అన్నది తేల్చుకోకుండా ఇలాంటి పని మొదలే కాదు. అలా తేల్చడం కోసమే కొలతలు, పటాలు, ఫొటోలు.

మూడో పాఠం: లేని జీవికి ఇల్లు

ఇక ఇంట్లోవాళ్లు నవ్వే పాఠానికి వద్దాం. గురువు ఒక ఊహా జీవిని ఇస్తాడు, లేదా విద్యార్థినే ఊహించుకోమంటాడు. గండభేరుండం అనుకుందాం: రెండు తలలు, విప్పితే నాలుగు మీటర్ల రెక్కలు, రాత్రి ఒక తల నిద్రపోతే రెండో తల మేలుకుని ఉంటుంది. దానికి ఒక గూడు కట్టాలి. ఇలాంటి జీవులు మన కట్టడాలకు కొత్త కాదు. గోల్కొండ బాలాహిసార్ దర్వాజా మీద గచ్చుతో మలిచిన వింత మృగాలు నేటికీ కనిపిస్తాయి. కాకతీయ తోరణాల మీద మకరాలున్నాయి.

పని మొదలుపెట్టగానే ప్రశ్నలు చుట్టుముడతాయి. ఈ జీవి ఎంత బరువు? ఎగిరి వచ్చి వాలుతుందా, నడిచి వస్తుందా? తలుపు ఎంత వెడల్పు ఉండాలి? మేలుకున్న తలకు బయట ఏం కనిపించాలి? నిద్రపోయే తలకు వెలుతురు ఎలా ఆపాలి? వాన ఏ వైపు నుంచి కొడుతుంది? దీనికి దేనంటే భయం?

ఈ చివరి ప్రశ్నకు జవాబు మన చేలల్లోనే వేలాడుతోంది. గిజిగాడు ఈతచెట్టుకో, బావి మీదికి వంగిన కొమ్మకో గూడు అల్లుతుంది. ద్వారం కింది వైపున పొడవాటి గొట్టంలా ఉంటుంది. పాము కొమ్మ పట్టుకుని వచ్చినా ఆ గొట్టంలోకి తిరగలేదు. ఆ గూటి ఆకారమంతా ఒక భయానికి ఇచ్చిన జవాబు. ఇంకా దూరం చూస్తే, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టుపక్కల పావురాల కోసమే కట్టిన బురుజులున్నాయి. లోపల వేల గూళ్లు, పోగైన రెట్ట ఖర్బూజా తోటలకు ఎరువు. తుర్కియేలో ఉస్మానియా కాలపు మసీదుల గోడలకు పిచ్చుకల కోసం చిన్న చిన్న రాతి మేడలు చెక్కారు. వాటిలో కొన్నింటికి బుల్లి గుమ్మటాలు, మినార్లు కూడా ఉన్నాయి. మన ఇళ్లలో చూరుకు వరి కుచ్చు వేలాడదీసిన పెద్దలదీ అదే మనసు. తేనెటీగ, చీమ, సాలీడు పేర్లతో సూరాలున్న గ్రంథాన్ని చదివేవారికి చిన్న ప్రాణుల ఇళ్లను పట్టించుకోవడం వింత కాకూడదు.

అయితే ఊహా జీవే ఎందుకు, మనిషికే ఇల్లు కట్టమనొచ్చు కదా అంటే, మనిషి దగ్గర విద్యార్థి ఆలోచించడు. తలుపు ఏడడుగులు, మెట్టు ఆరంగుళాలు అని అలవాటుగా వేసేస్తాడు. 20వ శతాబ్దపు ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ‘మాడ్యులర్’ అనే కొలతల పద్ధతి తయారుచేసి, దానికి 1.83 మీటర్ల పొడవున్న మగవాణ్ని ప్రమాణంగా తీసుకున్నాడు. మన అమ్మలు, నానమ్మలు, పిల్లలు ఎంతమంది ఆ ఎత్తు ఉంటారు? ఎవరి శరీరాన్ని లెక్కలోకి తీసుకుంటామో వారికే కట్టడం సుఖంగా ఉంటుంది. రెండు తలల పక్షి ముందు అలవాటు పనిచేయదు, ప్రతి కొలతనూ మొదటి నుంచి అడగాల్సిందే. అలా అడగడం అలవాటైన విద్యార్థి తర్వాత మనిషి దగ్గరికి వచ్చినప్పుడు కూడా అడుగుతాడు. ఎవరు ఈ మనిషి? నడవగలడా? చూడగలడా? వయసెంత?

గూటి పాఠం నుంచి వుజూఖానాకు

ఇప్పుడు మన సొంత పనిలో దీన్ని పెట్టి చూద్దాం. ఒక చిన్న ఊళ్లో హాలు కడుతున్నారనుకుందాం. వాననీరు రాకుండా పునాది మట్టం నేల నుంచి రెండు అడుగులు లేపారు. చక్రాల కుర్చీ పైకి పోవాలంటే ర్యాంపు కావాలి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది నియమం. అంటే రెండు అడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవు. చాలా ప్లాన్ కాగితాల మీద “ర్యాంపు” అన్న మాట ఉంటుంది కానీ స్థలంలో 24 అడుగులు ఉండవు. కడుతున్నప్పుడు దాన్ని ఎనిమిది అడుగులకు కుదిస్తారు. అప్పుడది ఎక్కే దారి కాదు, జారుడుబండ. నమూనాలో అయితే ర్యాంపు ప్రహరీ దాటి రోడ్డు మీదికి పోవడం మొదటి రోజే కనిపిస్తుంది. దాన్ని మలుపు తిప్పాలా, పునాది మట్టం తగ్గించాలా అన్న చర్చకు అప్పుడు ఖర్చేమీ ఉండదు.

వుజూఖానాలో కూర్చునే దిమ్మె ఎత్తు, కుళాయి దూరం, లేవడానికి పట్టుకునే కడ్డీ, చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర వ్యాసం ఉన్న ఖాళీ, ఇవన్నీ అంతే. నమూనాలో ఒక ముసలాయన బొమ్మను కూర్చోబెట్టి, చేయి కుళాయికి అందుతుందో లేదో చూడొచ్చు.

ఎండ లెక్క కూడా చూడొచ్చు. స్కెచప్, బ్లెండర్ వంటివాటిలో ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇస్తే నీడ ఎక్కడ పడుతుందో చూపిస్తాయి. ధూళిమిట్ట ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. డిసెంబరు 21న మధ్యాహ్నం దక్షిణం వైపు సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే దక్షిణపు కిటికీకి చిన్న సజ్జ పెట్టినా వేసవి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు, చలికాలపు ఎండ మాత్రం వస్తుంది. పడమటి కిటికీకి ఆ సజ్జ చాలదు, ఎందుకంటే సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది. హాస్టల్లో పిల్లలు పడుకునే గది ఏ వైపు ఉండాలో, ఫ్యాన్ల కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో ఈ చిన్న లెక్క మీద ఆధారపడి ఉంటుంది. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో తెరిచిన ఈస్ట్‌గేట్ భవనాన్ని ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ చెదపుట్టల్లో గాలి ఆడే తీరును చూసి రూపొందించాడు. మామూలు ఏసీ యంత్రాల అవసరం లేకుండానే ఆ పెద్ద భవనం చల్లబడుతుంది. పురుగు ఇంటి నుంచి మనిషి ఇంటికి పాఠం ఇలా వస్తుంది.

దాతల డబ్బుతో బతికిన సాఫ్ట్‌వేర్

బ్లెండర్‌ను నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రోసెండాల్ తయారుచేశాడు. 2002లో ఆయన కంపెనీ మూతపడింది. పెట్టుబడి పెట్టినవారు లక్ష యూరోలు ఇస్తే దాన్ని అందరికీ వదిలేస్తామన్నారు. ఆయన ప్రజలను చందా అడిగాడు. లోకమంతటి నుంచి చిన్న చిన్న మొత్తాలు వచ్చి ఏడు వారాల్లో లక్ష దాటింది. 2002 అక్టోబరు 13న బ్లెండర్ అందరి సొత్తు అయింది. లాత్వియా దేశంలో ఒక చిన్న బృందం దానితోనే ‘ఫ్లో’ అనే సినిమా తీసింది. వరదలో ఒక పిల్లి, కొన్ని జంతువులు ఒకే పడవలో తలదాచుకునే కథ అది. 2025లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 2002లో పది యూరోలు ఇచ్చిన మనిషికి తన చందా ఎక్కడిదాకా పోతుందో ఆరోజు తెలియదు. ఈరోజు ఒక పల్లెటూరి విద్యార్థి ఒక్క రూపాయి కట్టకుండా అదే పరికరాన్ని వాడుకుంటున్నాడు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఖరీదు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. బ్లెండర్ ఉచితం, స్కెచప్‌కు బ్రౌజర్‌లో పనిచేసే ఉచిత రూపం ఉంది, రెవిట్, ఆటోక్యాడ్ అర్హులైన విద్యార్థులకు చదువుకునే కాలంలో ఉచితంగా దొరుకుతాయి. అడ్డంకి వేరే చోట ఉంది. ఈ నమూనాలను మోయగల కంప్యూటర్ కావాలి. ఫోన్‌తోనో, పాత ల్యాప్‌టాప్‌తోనో నెట్టుకొచ్చే విద్యార్థి, తోటివారు గంటలో చేసే పనికి రాత్రంతా కూర్చుంటాడు. బి.ఆర్క్. చదువు ఐదేళ్లు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, నాటా గానీ జేఈఈ మెయిన్ రెండో పేపర్ గానీ రాయాలి. ఇంజనీరింగ్‌కు నాలుగేళ్లే కదా, ఇదెందుకని చాలా ఇళ్లలో అక్కడే ఆపేస్తారు. ఆడపిల్లల విషయంలో ఇంకా ముందే ఆపేస్తారు. చివరి ఏడాది దాకా చేయిపట్టుకుని నడిపించే సాయం కావాలి. మొదటి ఏడాది ఫీజు ఒక్కటే కట్టి వదిలేస్తే ఆ డబ్బు సగం కట్టి ఆపేసిన గోడలాంటిది. జకాత్ నుంచి ఇవ్వాలా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది మీరు నమ్మే ఉలమాలను అడిగి తేల్చుకోండి.

సాయం పొందిన విద్యార్థి నుంచి సమాజం కూడా ఒకటి అడగవచ్చు: తన ఊరి కట్టడం ఒకదాన్ని కొలిచి నమూనా చేసి ఇవ్వమని. పాత మసీదు కావచ్చు, బురుజు కావచ్చు, మెట్లబావి కావచ్చు, గడి కావచ్చు. అది విద్యార్థికి పాఠం, ఊరికి ఆస్తి.

దాత అడగవలసిన ప్రశ్నలు

ఇకమీదట ఏ భవనానికి చందా ఇచ్చినా, ప్లాన్ కాగితంతోపాటు నమూనా చూపించమని అడగండి. చూపించినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేయండి.

ఒకటి, ఈ కొలతలు ఎవరు తీశారు, స్థలంలో నిలబడి తీశారా?

రెండు, నడవలేని మనిషి గేటు దగ్గర నుంచి లోపలి గది దాకా ఎలా వస్తాడో ఆ దారిని నమూనాలో నడిపించి చూపిస్తారా?

మూడు, మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు ఎండ ఏ గదిలో పడుతుంది?

నాలుగు, ఆడవాళ్లకు, పిల్లలకు కేటాయించిన చోట గాలి, వెలుతురు, నీళ్లు మిగతా చోట్లతో సమానంగా ఉన్నాయా?

ఐదు, ఉన్న చెట్టును, పాత గోడను ఉంచి కట్టే వీలుందా?

ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే ఒక నెల ఆగండి. కంప్యూటర్‌లో గోడను జరపడానికి ఒక నిమిషం చాలు. కట్టిన గోడను జరపాలంటే మళ్లీ ఒక ఏడాది చందా పుస్తకం పట్టుకుని తిరగాలి.